పైవాళ్ళతోనే కాత్యాయని మేడం పేచీ

కాత్యాయని మేడం ఇన్నేళ్ళలో ఒక్క సర్వర్‌ని తిట్టి ఎరగరు. ఒక్క వాచ్‌మన్ మీద గొంతు పెంచలేదు. డ్రైవరు, అటెండరు, బిల్లు కొట్టే అమ్మాయి, చీరలు మడతపెట్టే అబ్బాయి, ఎవరు ఎంత ఘోరమైన తప్పు చేసినా ఆవిడ నోటి నుంచి పల్లెత్తు మాట రాదు. ఇంత సాధువైన మనిషితో కలిసి తార్నాక బజారుకు వెళ్ళమంటే మాత్రం మా డిపార్ట్‌మెంటులో అందరికీ ఒక్కసారే తలనొప్పి వస్తుంది. కారణం ఒక్కటే. కింది వాళ్ళ మీద ఖర్చుపెట్టని కోపాన్నంతా ఆవిడ పైవాళ్ళ కోసం కూడబెడతారు.

"ఏమప్పా, మీ పైవాడు యాడుండాడు? పిలువు!"

ఈ మాట వినపడిందంటే తార్నాకలో సగం మంది యజమానులు వెనక గుమ్మం వైపు చూస్తారు.

ఆవిడది ప్రొద్దుటూరు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికని హైదరాబాదు వచ్చి పాతికేళ్ళు దాటినా యాస పిసరంత అరగలేదు, కోపం అసలే అరగలేదు. సంస్థలు ఎలా బాగుపడతాయో, ఎలా చెడిపోతాయో మేనేజ్‌మెంట్ విద్యార్థులకు పాఠం చెబుతారు. క్లాసులో చెప్పి ఊరుకుంటే తీసుకున్న జీతానికి సరిపోతుంది. ఆవిడ ఊరుకోరు. సాయంత్రం ఆ పాఠాన్ని బజారుకు తీసుకెళతారు. తీసుకెళ్ళేది నా స్కూటర్ మీద. నేను శశిధర్‌ని, పక్క గదిలో పనిచేసే జూనియర్‌ని. ఆవిడంటే నాకు చాలా గౌరవం. కానీ ఇందులో నాకు జరిగిన అన్యాయం కూడా ఉంది కాబట్టి నిజం చెప్పి తీరతాను.

ఒకసారి ఒక హోటల్లో సర్వర్ ఆవిడ కొత్త గద్వాల చీర మీద సాంబారు గిన్నె ఒంపేశాడు. వాడి ముఖం పాలిపోయింది. మేడం చీర దులుపుకొని, "చెయ్యి కాలిందా నాయనా? పో, నీళ్ళ కింద పెట్టు" అన్నారు. నేను కరిగిపోయాను. ఆ కరగడం ఇంకా పూర్తికాకముందే ఆవిడ క్యాష్ కౌంటర్ దగ్గర ఉన్నారు.

"పైవాడివి నువ్వేనా?"

"అవును మేడం."

"నీకు చేతులెన్ని?"

"రెండు మేడం."

"ఆ పిల్లోనికి?"

"వానికి గూడ రెండే."

"మరి రెండు చేతులోనికి నాలుగు గిన్నెలు ఎట్ల ఇచ్చినావప్పా? ఆ మిగిలిన చేతులు నువ్వు ఇస్తావా?"

పావుగంట గడిచింది. ఓనరు ముఖం ఎర్రబడి, నల్లబడి, చివరికి ఏ రంగూ మిగలక నా వైపు తిరిగాడు. "సార్, ఈమె మీకు ఏమయితరు?"

"ఏమీ కారు. నేను స్కూటర్" అన్నాను.

అది ఆ ఒక్క హోటల్‌తో పోలేదు. నా ముఖం కూడా ప్రచారంలోకి వచ్చింది. నేను ఒంటరిగా క్షవరానికి వెళ్ళినా, "మేడం వెనక వస్తున్నరా సార్?" అని దువ్వెన పట్టుకొని వీధిలోకి తొంగిచూస్తారు. మా ఆవిడ శిరీష కూరగాయల కోసం వారాసిగూడ దాకా నడుస్తోంది. "తార్నాకల నీ మొఖం చూస్తే టమాటలు లెవ్వంటున్నరు" అని రోజూ దెప్పుతుంది. చేయని నేరానికి ఇంతటి శిక్ష ఏ చట్టంలో ఉంది?

బౌద్ధనగర్‌లో ఒక గుడికి వెళ్ళాం. వరుసలో మా వంతు వచ్చేసరికి పులిహోర అయిపోయింది. మా వెనక చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్ళు ఉన్నారు. గరిట పట్టుకున్న మనిషి బిక్కముఖం వేశాడు. మేడం వాడిని ఏమీ అనలేదు.

"మీ పైవాడెవరు నాయనా?"

వాడు భక్తిగా రెండు చేతులూ జోడించి గర్భగుడి వైపు చూపించాడు.

మేడం అటు చూశారు. ఒక క్షణం ఆలోచించారు కూడా. ఆ క్షణంలో నేను పడ్డ భయం పగవాడికి కూడా వద్దు. "ఆయన్ను తర్వాత అడుగుతా. ముందు కమిటీ ప్రెసిడెంటును పిలువు" అన్నారు.

మొన్నటిదాకా ఆవిడ నోరు మూయించినవాడు ఒక్కడే ఉన్నాడు, ఒక ఆటో డ్రైవర్. నా స్కూటర్ రిపేరులో ఉన్న రోజు ఫోన్‌లో యాప్ మీద బుక్ చేస్తే వచ్చాడు. చూపించిన కిరాయి ఒకటి, అడిగింది ఇంకొకటి. మేడం యథాప్రకారం పైవాడి గురించి అడిగారు.

"యాప్ మేడం."

"ఆ యాప్‌కు పైవాడు?"

"తెల్వదు మేడం. నాలుగేండ్లాయె, ఇప్పటిదాంక ఒక్కని మొఖం గూడ చూడలె. రేటింగ్ తగ్గితె అదే బంద్ చేస్తది. ఎవర్నన్న అడుగుదామంటె ఎవ్వరుండరు. మీకెవడన్న దొరికితె నాకు గూడ జర చెప్పుండ్రి."

మేడం హబ్సిగూడ దాకా మాట్లాడలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయని చెప్పను, నిప్పులు తిరిగాయి. అడిగినంత ఇచ్చి, దిగి, "తిట్టేదానికి కూడా మనిషి లేకుండా చేసినారు శశీ! ఎంత అన్యాయం!" అన్నారు. ఆ వారమంతా క్లాసులో అదే పాఠం. పైవాడు కనపడని సంస్థలో కిందివాడి మాట ఎక్కడికి పోతుంది అని బల్ల గుద్ది అడుగుతుంటే వెనక బెంచీవాళ్ళు కూడా నిద్రలేచారు.

ఆవిడ పాఠాల్లో ఒక మాట మాత్రం నాకు బాగా నచ్చుతుంది. "ఒక దుకాణం నిలబడుతుందా పడిపోతుందా అని తెలుసుకోవాలంటే లెక్కల పుస్తకాలు తిరగేయొద్దండీ. ఆడ గ్లాసు పగిలినప్పుడు అందరూ యాటికి చూస్తారో చూడండి. గాజు పెంకుల వైపు చూస్తే ఆ దుకాణం బతుకుతుంది. ఓనరు మొఖం వైపు చూస్తే దానికి రోజులు దగ్గర పడినట్లే."

ఇక రాజలింగు టిఫిన్ సెంటర్ కథ. మేడం పేచీల్లో ముప్పాతిక వంతు అక్కడే జరిగాయి.

రాజలింగు, ఆయన భార్య సారలమ్మ జనగామ వైపు నుంచి వచ్చారు. మొదట క్యాంపస్ గేటు దగ్గర ఇడ్లీ బండి. సారలమ్మ ఇడ్లీ వేసేది, లచ్చమ్మ అనే ఆవిడ చట్నీ నూరేది, రాజలింగు వడ్డించేవాడు. ఉప్పు తక్కువైతే లచ్చమ్మ మోచేత్తో పొడిచి చెప్పేది. అంతే, సరైపోయేది. హాస్టళ్ళన్నీ ఆ బండి చుట్టూ మూగేవి. బండి పెరిగి తార్నాకలో హాలయింది. విద్యానగర్‌లో ఒక బ్రాంచి, వారాసిగూడలో ఇంకొకటి లేచాయి. రాజలింగు మేడ మీద అద్దాల గదిలోకి, ఏసీ కిందికి మారాడు. కిందికి చూడ్డానికి కెమెరాలు పెట్టించాడు. మేనేజర్‌గా శ్రావణ్ అనే కుర్రాడిని తెచ్చాడు.

శ్రావణ్ మా విద్యార్థే. అదే మేడం గుండెల్లో మంట. వచ్చిన నెలలోనే గోడకు బోర్డు కట్టించాడు: ఆలస్యానికి ఇంత, ప్లేటు పగిలితే ఇంత, కస్టమర్‌తో మాట్లాడితే ఇంత అని జుర్మానాలు.

"ఏం శ్రావణ్, నేను చెప్పిన పాఠం ఇదేనా?"

"మీరు చెప్పిందే ఎగ్జామ్‌ల రాసిన మేడం. డెబ్బై ఎనిమిది మార్కులేసిండ్రు."

"రాసిందంతా యాడ పోయింది?"

"పేపర్ల మీకే ఇచ్చిన గద మేడం."

నాకు నవ్వాగలేదు. మేడం మాత్రం వాడినీ ఏమీ అనలేదు. "వీనికీ పైవాడుండాడు" అని మెట్లెక్కి అద్దాల గదిలోకి వెళ్ళారు. ఆ తర్వాత అద్దాలు అదిరాయి.

అప్పటి నుంచి ఇదొక వ్యసనమైంది. తిన్న అన్నం ఇంకా గొంతు దిగకముందే ఫోన్ మోగేది. మేడం రెండు ముక్కలు విని పెట్టేసి, "శశీ, బండి తీ. ఇడ్లీ తిందాం" అనేవారు. మిట్టమధ్యాహ్నం ఇడ్లీ ఏమిటండీ? రెండు ముద్దలు తిన్నారో లేదో లేచి నిలబడేవారు. ఒకరోజు చట్నీ చల్లగా ఉందని, ఒకరోజు ఫ్యాను వంకరగా తిరుగుతోందని, ఇంకొకరోజు ఏ సాకూ దొరక్క గోడ రంగు కళ్ళకు కొడుతోందని పేచీ. రాజలింగు మేడ దిగి వచ్చి, "మేడం, మీకు నా హోటలే దొరికిందా? శహర్‌ల ఇంక హోటళ్ళు లెవ్వా?" అని జుట్టు పీక్కునేవాడు. న్యాయంగా చెబితే నేను ఆయన పక్షమే.

ఈలోగా వ్యాపారం సన్నగిల్లింది. పాత పనివాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. ఇడ్లీ అదే, పిండి అదే, కానీ హాల్లో నవ్వే మనిషి లేడు. అందరూ కెమెరా వైపు ఒక కన్నేసి వడ్డించేవాళ్ళు.

ఒక ఉదయం మేడం ఫోన్ మోగింది. ఈసారి ఇడ్లీ మాట లేదు. "తొందరగా పోనీ" అన్నారు, అంతే.

టిఫిన్ సెంటర్ ముందు జనం. ముందురోజు తిన్న హాస్టల్ పిల్లలు కొందరు వాంతులతో ఆసుపత్రిలో చేరారు. వాళ్ళ స్నేహితులు వచ్చి అరుస్తున్నారు, ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. హాలు మధ్యలో రాజలింగు ఊగిపోతున్నాడు. ఆయన ఎదురుగా లచ్చమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని.

"బండి కాడికెల్లి నమ్మిన నిన్ను! పాడైన చట్నీ పెడ్తవా? నా దుకాణం ముంచినవు! నడువు, మల్ల గీడ కనవడకు!"

"ఈడ పైవాడెవరప్పా?" మేడం గొంతు గుమ్మంలోనే మోగింది.

రాజలింగు తల పట్టుకున్నాడు. "మేడం, మీకు దండం పెడ్త. ఇయ్యాల రాకుండ్రి. అసలే దిమాగ్ ఖరాబున్నది."

"ఖరాబైంది నీ దిమాగు కాదు, నీ ఫ్రిజ్జు. అది ఎన్నాళ్ళ నుంచి చల్లబడలేదు?"

"ఫ్రిజ్జా? ఫ్రిజ్జుకేమైంది?"

ఆవిడకు ఫ్రిజ్ సంగతి ఎలా తెలుసో నాకు తట్టలేదు. తట్టే వ్యవధి కూడా లేదు.

"లచ్చమ్మా, నీకు తెలుసా?"

"ఎర్కనే అమ్మ. వారం సంది సల్లగైతలేదు. పరుశురాంకు చెప్పిన."

సర్వర్ పరుశురాం ముందుకొచ్చాడు. "నేను శ్రావణ్ సార్‌కు చెప్పిన మేడం, ఆ దినమే."

అందరూ శ్రావణ్ వైపు తిరిగారు. వాడు తన టై వైపు చూసుకున్నాడు. "నేను... సేటుకు చెప్దామనుకున్న మేడం."

"ఎందుకు చెప్పలేదప్పా?"

వాడు నోరు తెరిచేలోపే రాజలింగు మండిపడ్డాడు. "చూసిండ్రా? నాకు ఒక్కడన్న చెప్పలె! చెప్తె బాగుచేయియ్యకపోదునా? నేనేమన్న కసాయోన్నా?"

వంటింటి తలుపు ధడాలున తెరుచుకుంది. సారలమ్మ చేతిలో అట్లకాడతో బయటికి వచ్చింది.

"ఎవడు చెప్తడయ్యా నీకు? వారం సంది విద్యానగర్ బ్రాంచిల ఉన్న నాకే ఇయ్యాల ఎర్కాయె. మొన్న గ్రైండర్ మోటర్ కాలిందని గీ శ్రావణ్ పిలగాడు మెట్లెక్కొచ్చి చెప్తె, నీ చేతులనే కాలిందని వాని జీతంల కోస్తివి. కాల్చింది వాడా? చెప్పిండంతే! గా దినం సంది నీ గదిలకు ఎవడన్న వస్తున్నడా? వచ్చినోడు అంతా మంచిగున్నది సేటూ అనుడే గద!"

అరుస్తున్న పిల్లలు ఆమె వైపు తిరిగారు. వీడియోలు తీస్తున్నవాళ్ళు కూడా ఫోన్లు దించారు.

అప్పుడు మేడం మొదలుపెట్టారు. నేను ఆవిడ కోపాలు చాలా చూశాను, కానీ ఆ రోజుది వేరు. "విన్నావా రాజలింగూ? నువ్వు కెమెరాలు పెట్టినావు గాని చెవులు పెట్టుకోలేదు. బండి మీద ఉండేటప్పుడు చట్నీలో ఉప్పు తగ్గితే ఆ మాట మోచేయి దూరంలో నీకు చేరేది. ఇప్పుడు ముగ్గురిని దాటుకోవాల, మెట్లెక్కాల, తలుపు తట్టాల, ఆ పైన జీతం పోగొట్టుకోవాల! ఇంత ఖర్చు పెట్టి నీకు చెడు కబురు ఎవడు తెస్తాడప్పా? ఆ పిల్లోళ్ళను ఆసుపత్రి పాలుచేసింది లచ్చమ్మ చట్నీ కాదు. నీ తలుపు!"

రాజలింగు పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత లేచి, లచ్చమ్మతో, "లోపటికి పో అక్కా" అన్నాడు. నేరుగా ఆసుపత్రికి వెళ్ళాడు. నా స్కూటర్ మీదే, ఇంకెవరి బండి మీద వెళతాడు? ప్రతి పిల్లవాడి మంచం దగ్గరా నిలబడి, వాళ్ళ తల్లిదండ్రులతో ఫోన్‌లో, "తప్పు నాదే" అన్నాడు. "మా వంటామె చేసింది" అనలేదు. ఆసుపత్రి ఖర్చంతా తనే పెట్టుకున్నాడు.

వారం తిరక్కుండా అద్దాల గదిలో ఉల్లిగడ్డల బస్తాలు వేశారు. రాజలింగు బల్ల మేడ దిగి, వంటింటి గుమ్మం పక్కన చేరింది. జుర్మానాల బోర్డు తీసేశారు. మేడం ఇంకొక నియమం పెట్టించారు: చెడు కబురు మొదట తెచ్చినవాడికి ఒక నెయ్యి దోశ. ఇది తిరిగి నా నెత్తికే చుట్టుకుంటుందని ఎవరనుకున్నారు?

"సేటూ, గ్యాస్ అయిపోయేటట్లున్నది." దోశ. "సేటూ, రెండో నంబరు నల్లా కారుతున్నది." దోశ. మూడోరోజుకు పరుశురాం ఆకాశం వైపు చూసి వచ్చి, "సేటూ, ఎండలు మస్తు ముదురుతున్నయి" అన్నాడు. రాజలింగు నా మీద పడ్డాడు. "గీ ఎండలకు గూడ నేనే దోశ ఇయ్యాల్నా సార్? మీ మేడంకు చెప్పుండ్రి!" మేడంకు చెబితే, "నన్నెందుకు అడుగుతావు? పైవాడు ఆయనే కదా" అన్నారు. చివరికి వాతావరణానికి దోశ లేదని తీర్పయింది.

కానీ హాలు మళ్ళీ కళకళలాడింది. పని మానేసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు తిరిగొచ్చారు. హాస్టల్ పిల్లలు మొదట భయం భయంగా, తర్వాత గుంపులుగా వచ్చారు. శ్రావణ్ టై తీసేసి, వడ్డన కూడా చేస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం నేను ఒంటరిగా వెళ్ళాను. పరుశురాం చేతిలోంచి ప్లేట్ల దొంతర భళ్ళున పడింది. వాడు నా వెనక ఎవరికోసమో వెతికాడు. "మేడం రాలేదా సార్?"

"లేదు. ఎందుకు?"

"ఏం లేదు, అలవాటు" అని నవ్వి పెంకులు ఏరసాగాడు. లచ్చమ్మ చీపురు తెస్తూ చెప్పింది.

"మీకు ఎర్క లేదా సార్? అప్పట్ల మా చేతుల ఏదన్న పలిగినా, మాడినా, మేడంకు ఫోన్ కొడుతుంటిమి. ఆమె ఉరికొచ్చి ఏదో ఒకటి చెప్పి సేటు మీదికి లొల్లికి పోతుండె. సేటు కోపమంత ఆమెతోనే అయిపోతుండె. మా దాంక వచ్చేసరికి ఆయన తాన తిట్లే మిగులకపోతుండె. గా ఫ్రిజ్ దినం గూడ పరుశురామే ఫోన్ కొట్టిండు."

నేను అక్కడే నిలబడిపోయాను. మిట్టమధ్యాహ్నపు ఇడ్లీలు, వంకర ఫ్యాను, గోడ రంగు! ఇన్ని నెలలుగా నన్ను ఎండలో తిప్పి, ఒక్క మాట చెప్పకుండా, ఎంత మోసం! ఆ ఆవేశంతోనే క్యాంపస్‌కు వచ్చి ఆవిడ గదిలో నిలబడి అడిగేశాను.

"ఎవరు చెప్పినారు నీకు?" అని మేడం ముందు గయ్యిమన్నారు. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ గొంతు తగ్గించారు. "కోపం పుట్టినాక యాడో ఒకచోట పడాల కదా శశీ. లచ్చమ్మ మీద పడితే ఆమె పని పోతుంది. నాది పర్మనెంటు ఉద్యోగం. పడితే నా మీద పడనీ, ఏమవుతుంది?"

"నాకు ముందే చెప్పొచ్చు కదా మేడం?"

"చెప్తే నీకు నవ్వొచ్చేస్తుంది. పేచీలో పక్కన నవ్వే మనిషి ఉంటే పని చెడుతుంది. ఏడుపు మొఖంతో నువ్వు నిలబడితే ఎంత నమ్మకంగా ఉండేదో తెలుసా?"

ఇది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మొన్న ఆదివారం మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి చేసింది రాజలింగు. మేము వెళ్ళేసరికి ఆయన రోడ్డు మీదే, వేపచెట్టు చాటున నిలబడి ఉన్నాడు. గొంతు గుసగుసలాడుతోంది.

"మేడం, మీరే దిక్కు. పెండ్లి ఆర్డరు వచ్చే ఐతారంది. నేను గీ ఐతారమనుకున్న. తెల్లారంగనే ఇడ్లీలన్ని దిగినయి, తినేటోడు లేడు. లోపట సారలమ్మ అట్లకాడ పట్టుకొని నిలవడ్డది. జర మీరు ముందుగాల పోయి ఏదన్న లొల్లి పెట్టుండ్రి."

మేడం కొంగు బిగించి లోపలికి నడిచారు. ఒక గిన్నె మూత తీసి, "ఏమమ్మా సారలమ్మా, ఈ గిన్నెకు సొట్టలేంది? ఈడ పైవాడెవరు?" అన్నారు.

"నేనే" అంది సారలమ్మ.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకు అంత వెంటనే, అంత ధైర్యంగా ఎవరూ జవాబు చెప్పలేదు. మేడంకు తర్వాతి మాట దొరకలేదు.

"ఆయన ఫోన్ కొట్టిండని నాకు ఎర్కనే మేడం" అని సారలమ్మ అట్లకాడ పక్కన పెట్టింది. "అరవకుండ్రి, గొంతు పోతది. కూసోండ్రి. లచ్చమ్మా, మేడంకు, సారుకు ఇడ్లీలు పెట్టు. చెట్టు చాటుకు నిలవడ్డ ఆయనను గూడ పిలువు. గిన్ని ఇడ్లీలు అయిపోయేదాంక గీ హోటల్లకెల్లి ఎవ్వరు ఇంటికి పోయేది లేదు."

మేడం బుద్ధిగా కూర్చున్నారు. రెండో ప్లేటు కూడా ఖాళీ చేశారు. తర్వాత చిన్నగా, "చట్నీ బాగుందమ్మా" అన్నారు.

మిగిలిన ఇడ్లీలు హాస్టళ్ళకు ఉచితంగా పంపాలని సారలమ్మ నిర్ణయించింది. పంపడం అంటే నా స్కూటరే. ముందు సాంబారు గిన్నె, వెనక ఇడ్లీల గిన్నె, పట్టుకోవడానికి రాజలింగు. క్యాంపస్ చుట్టూ మధ్యాహ్నం దాకా తిరుగుతూనే ఉన్నాను. పిల్లలు కేకలేస్తూ గిన్నెలు ఖాళీ చేశారు. ఒళ్ళంతా సాంబారు వాసనతో, ఎవరి మీద కోప్పడాలో తేలక మండిపోతూ తిరిగొచ్చేసరికి, కాత్యాయని మేడం, సారలమ్మ ఎదురెదురుగా కూర్చొని, మమ్మల్ని చూసి పగలబడి నవ్వుతున్నారు.